సిజేరియన్ల లెక్క చేతిలో ఉంది, నిర్ణయం ఎలా తీసుకోవాలి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4, దేశం మొత్తానికి 21.5. రివ్యూ మీటింగుల్లో ఈ అంకెలు చదివాక వినిపించే మాట ఒకటే: "తగ్గించండి." ఎవరిలో తగ్గించాలి, ఏం చేస్తే తగ్గుతాయి, తగ్గిస్తే తల్లికీ బిడ్డకీ ఏమవుతుంది అన్నవాటికి ఆ అంకెలో జవాబు ఉండదు. మెమో మాత్రం వచ్చేస్తుంది.

ఏరియా ఆసుపత్రిలోనో, మాతా శిశు ఆరోగ్య కేంద్రంలోనో, జిల్లా ఆరోగ్య కార్యాలయంలోనో ఇలాంటి లెక్కలు చూసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు గైనకాలజిస్టు కావచ్చు, లేబర్ రూమ్ ఇన్‌చార్జ్ సిస్టర్ కావచ్చు, డేటా ఎంట్రీ చూసేవారు కావచ్చు. కావాల్సినవి లేబర్ రూమ్ రిజిస్టరు, ఓటీ (ఆపరేషన్ థియేటర్) రిజిస్టరు, కేస్ షీట్లు, ఎక్సెల్ ఉన్న ఒక కంప్యూటరు, కొంచెం ఓపిక. సమస్య ఎక్కడుందో మీ సొంత లెక్కలు చెబుతాయి. వేరేచోట ఏం చేస్తే ఫలితం కనిపించిందో పరిశోధన చెబుతుంది. ఈ రెండూ ఒకే రకం తల్లుల గురించి మాట్లాడుతున్నాయా లేదా అన్నది సరిచూసుకోవడమే ఇందులో అసలు పని.

ముందు ప్రశ్న రాయండి

"సిజేరియన్లు తగ్గించడం ఎలా?" అని రాసుకుంటే పని ముందుకు సాగదు. దానికి వచ్చే జవాబుల్లో సగం మీ చేతిలో లేనివే. ఎవరి విషయంలో, ఏ మార్పు, దేనితో పోలిస్తే, ఏ ఫలితం కోసం అన్న నాలుగూ ఉండేలా రాయండి. ఉదాహరణకు: "నెలలు నిండి, నొప్పులు వాటంతట అవే మొదలై వచ్చిన తొలిచూలు తల్లుల దగ్గర, కాన్పు అయ్యేదాకా ఇంటి ఆడమనిషి ఒకరిని ఉండనిస్తే, ఎవరినీ రానివ్వని ఇప్పటి పద్ధతి కంటే సిజేరియన్లు తగ్గుతాయా? బిడ్డలకు హాని ఏమీ పెరగకుండా ఉంటుందా?"

ఆ ప్రశ్న పక్కనే, నిర్ణయం ఎవరి సంతకంతో అమలవుతుందో కూడా రాయండి. తోడుమనిషిని లోపలికి అనుమతించడం సూపరింటెండెంట్ స్థాయిలో అయిపోతుంది. రాత్రి డ్యూటీకి ఇంకో మత్తు డాక్టరును తెప్పించడం అవదు. మొదటి రకం ప్రశ్నతో మొదలుపెట్టండి.

ఏ అంకె ఎక్కడిదో చూసుకోండి

పైన చెప్పిన 60.7 శాతం, మీ ఆసుపత్రి నెలవారీ శాతం ఒకే రకం అంకెలు కావు. సర్వేవాళ్లు ఇళ్లకు వెళ్లి, అంతకుముందు ఐదేళ్లలో పుట్టిన బిడ్డల గురించి తల్లుల్ని అడిగారు. తెలంగాణలో ఆ సర్వే 2019 రెండో సగంలో జరిగింది. అంటే అది కోవిడ్‌కు ముందు సంగతి. ప్రభుత్వ ఆరోగ్య సమాచార వ్యవస్థ అయిన హెచ్‌ఎంఐఎస్ పోర్టల్‌లో ఉండేది ఆసుపత్రులు నెలనెలా పంపే మొత్తాలు. అందులో ఎన్ని కాన్పులు, ఎన్ని సిజేరియన్లు అని ఉంటుందే తప్ప తొలిచూలు ఎందరు, పాత కుట్టు ఉన్నవాళ్లు (ముందు సిజేరియన్ అయినవాళ్లు) ఎందరు అని విడదీయడానికి కుదరదు. తల్లి తల్లికీ వివరం దొరికేది రిజిస్టర్లలో, కేస్ షీట్లలో మాత్రమే. అందుకే నిర్ణయానికి పనికొచ్చే డేటా రాష్ట్ర స్థాయి డ్యాష్‌బోర్డులో కాకుండా లేబర్ రూమ్ బల్ల మీద దొరుకుతుంది.

ఎంత శాతం సరైనది అన్న చర్చలో కాలం వృథా చేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది ఇది: జనాభా మొత్తం మీద చూస్తే సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు కనబడలేదు. ఫలానా శాతం కోసం పాకులాడకుండా అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడమని కూడా అదే ప్రకటనలో ఉంది. మొదటి వాక్యాన్ని అందరూ చెబుతారు, రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. పైగా ఆ 10 శాతం జనాభాకు సంబంధించిన మాట. చుట్టుపక్కల మండలాల నుంచి కష్టమైన కేసులన్నీ మీ దగ్గరకే రిఫర్ అవుతుంటే దానితో మిమ్మల్ని మీరు పోల్చుకోవడంలో అర్థం లేదు.

రాబ్సన్ పట్టిక తయారు చేయండి

మైకేల్ రాబ్సన్ అనే ప్రసూతి వైద్యుడు 2001లో ప్రచురించిన వర్గీకరణ ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీన్ని అందరూ వాడమని సిఫారసు చేసింది, 2017లో వాడే విధానం మీద ఒక చేతిపుస్తకం కూడా ఇచ్చింది. ప్రతి తల్లికీ ఆరు సంగతులు తెలిస్తే చాలు: ఇది ఎన్నో కాన్పు, ముందు సిజేరియన్ అయిందా, నొప్పులు ఎలా మొదలయ్యాయి, కడుపులో ఒకరా కవలలా, ఎన్ని వారాలు, బిడ్డ ఎలా తిరిగి ఉంది. వీటితో ప్రతి కాన్పూ పది గ్రూపుల్లో ఒకదానిలోకి, ఒక్కదానిలోకే వెళుతుంది. ఏ గ్రూపులో ఎన్ని కాన్పులు, వాటిలో ఎన్ని ఆపరేషన్లు అని రాస్తే అదే పట్టిక.

గ్రూపు 1: తొలిచూలు, ఒకే బిడ్డ, తల కిందికి, 37 వారాలు నిండి, నొప్పులు వాటంతట అవే వచ్చినవాళ్లు.
గ్రూపు 2: అలాంటివాళ్లే, కానీ మందిచ్చి నొప్పులు తెప్పించినవాళ్లు, లేదా నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసినవాళ్లు.
గ్రూపు 3: ముందు మామూలు కాన్పు అయి, పాత కుట్టు లేకుండా, నొప్పులు వాటంతట అవే వచ్చినవాళ్లు.
గ్రూపు 4: గ్రూపు 3 లాంటివాళ్లే, నొప్పులు తెప్పించినవాళ్లు లేదా ముందే ఆపరేషన్ చేసినవాళ్లు.
గ్రూపు 5: ముందు సిజేరియన్ అయినవాళ్లు, ఒకే బిడ్డ, తల కిందికి, 37 వారాలు నిండినవాళ్లు.
గ్రూపు 6, 7: ఎదురుకాళ్ల బిడ్డలు. తొలిచూలు 6లో, మిగతావాళ్లు 7లో.
గ్రూపు 8: కవలలు, అంతకంటే ఎక్కువమంది.
గ్రూపు 9: బిడ్డ అడ్డం తిరిగినవాళ్లు.
గ్రూపు 10: ఒకే బిడ్డ, తల కిందికి, 37 వారాలు నిండనివాళ్లు.

ఆపరేషన్ ఎందుకు చేశారన్న కారణం ఇందులో ఎక్కడా లేదు. దీని బలం అదే. "సీపీడీ" (బిడ్డ తల తల్లి కటి దారిలో పట్టకపోవడం), "ఫీటల్ డిస్ట్రెస్" (కడుపులో బిడ్డ ఇబ్బంది పడడం) అని కేస్ షీట్లో రాసే కారణాలు డాక్టరు డాక్టరుకీ మారుతాయి. బిడ్డ కవలా కాదా అన్నది మారదు.

నింపేటప్పుడు తప్పులు ఎక్కువగా దొర్లేది నొప్పుల దగ్గర. నొప్పులు వచ్చి చేరిన తల్లికి అవి బలపడడానికి ఆక్సిటోసిన్ డ్రిప్ పెడితే అది నొప్పులు తెప్పించడం కిందికి రాదు. ఆమె గ్రూపు 1 లేదా 3లోనే ఉంటుంది. రిజిస్టర్లో డ్రిప్ కనబడగానే "ఇండక్షన్" (నొప్పులు తెప్పించడం) అని వేసేస్తే గ్రూపు 2 ఉబ్బిపోతుంది, ఆ తర్వాత వేసే లెక్కంతా పక్కదారి పడుతుంది. వారాల దగ్గర కూడా జాగ్రత్తగా ఉండాలి. చివరి నెలసరి తేదీ సరిగా గుర్తులేని తల్లికి మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ ఉంటే దాన్నే నమ్మండి. వివరం దొరకనివాళ్లను అంచనాతో ఏదో ఒక గ్రూపులో పడేయకుండా "వర్గీకరించలేనివి" అని పదకొండో వరుస పెట్టండి. ఆ వరుస పెద్దదైతే ముందు బాగుచేయాల్సింది రిజిస్టరే. కాన్పు అయ్యాక కూర్చుని ఒక్కసారిగా నింపే పార్టోగ్రాఫులకు (నొప్పులు ఎలా సాగుతున్నాయో ఎప్పటికప్పుడు గుర్తించాల్సిన చార్టులకు) కూడా ఇదే వర్తిస్తుంది, అది అందరికీ తెలిసిన సంగతే. ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ వద్దు. వరుస సంఖ్య చాలు.

డేటా నిజమేనా అని పరీక్షించండి

పరిశోధన వైపు వెళ్లేముందు పట్టికను ఒకసారి అనుమానంగా చూడండి. గ్రూపు 9లో అందరికీ ఆపరేషన్ అయి ఉండాలి. వంద శాతం లేకపోతే ఎక్కడో తప్పు ఎక్కించారు. ఎదురుకాళ్ల బిడ్డలు (6, 7 కలిపి) మామూలుగా మొత్తం కాన్పుల్లో 3 నుంచి 4 శాతం ఉంటారు, కవలలు 1.5 నుంచి 2 శాతం. చేతిపుస్తకంలో ఇలాంటి కొలతలు ఉన్నాయి. వాటికి దూరంగా ఉంటే మీ రిజిస్టరు తప్పు కావచ్చు, మీది రిఫరల్ ఆసుపత్రి కావడం వల్ల కావచ్చు. ఏదో తేల్చుకోకుండా ముందుకు పోవద్దు.

బరువు ఎక్కడుందో చూడండి

ఊహా లెక్క ఒకటి వేద్దాం. ఒక ఆసుపత్రిలో 1,000 కాన్పులు, 480 సిజేరియన్లు. గ్రూపు 1లో 260 మంది, 91 ఆపరేషన్లు. గ్రూపు 2లో 150 మంది, 96 ఆపరేషన్లు. వీళ్లలో 60 మందికి నొప్పులు రాకముందే చేసేశారు. గ్రూపు 3లో 220 మంది, 22. గ్రూపు 5లో 200 మంది, 186. మిగతా గ్రూపులన్నీ కలిపి 170 మంది, 85.

చూడగానే గ్రూపు 5 కళ్లలో పడుతుంది. 93 శాతం ఆపరేషన్లు, మొత్తం సిజేరియన్లలో దాదాపు 39 శాతం అక్కడివే. అయితే గ్రూపు 5 అనేది నాలుగేళ్ల కిందట గ్రూపు 1, 2లలో తీసుకున్న నిర్ణయాల ఫలితం. ఈ ఏడాది తొలిచూలులో తప్పించిన ప్రతి ఆపరేషనూ కొన్నేళ్ల తర్వాత గ్రూపు 5లో ఒక మనిషిని తగ్గిస్తుంది. చేతిపుస్తకం ప్రకారం గ్రూపు 1లో 10 శాతం లోపు సాధ్యమే. ఇక్కడ 35 శాతం ఉంది. నొప్పులు రాకముందే తొలిచూలు తల్లులకు చేసిన ఆ 60 ఆపరేషన్లు ఇంకా పెద్ద ప్రశ్న. ఆ 60 కేస్ షీట్లూ బయటికి తీసి ఒక్కొక్కటీ చదవాల్సిందే, దీనికి ఏ పరిశోధనా పత్రం కోసం ఆగక్కర్లేదు.

ఇప్పుడు పరిశోధన వెతకండి

గూగుల్‌లో కనబడిన మొదటి పేపరు పట్టుకోకండి. ముందు మార్గదర్శకాలు, తర్వాత అనేక ట్రయల్స్‌ను (ఒక పద్ధతిని ఇంకోదానితో పోల్చి చూసే ప్రయోగాలను) కలిపి చూసిన సమీక్షలు, ఆ తర్వాతే విడి ట్రయల్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనవసర సిజేరియన్లు తగ్గించడం మీద 2018లో సిఫారసులు ఇచ్చింది. కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ చేసే సమీక్షల సారాంశాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఆధారం ఎంత గట్టిదో కూడా వాటిలో చెబుతారు. ఎక్కువ నమ్మకం, ఓ మోస్తరు, తక్కువ, మరీ తక్కువ అని నాలుగు మెట్లు. ఆ మాట లేకుండా అంకె ఒక్కటే రాసుకుని రావద్దు.

గ్రూపు 1కి సంబంధించి మీకు దొరికేవి ఇలా ఉంటాయి.

కాన్పు సమయంలో పక్కన ఎవరో ఒకరు విడవకుండా ఉండడం మీద 2017 కాక్రేన్ సమీక్షలో 17 దేశాల అధ్యయనాలు, 15 వేలకు పైగా తల్లులు ఉన్నారు. తోడున్నవాళ్లలో సిజేరియన్లు సుమారు నాలుగో వంతు తక్కువ. నిజమైన ప్రభావం 12 నుంచి 36 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

ఆడిట్ చేసి డాక్టర్లకు వాళ్ల లెక్క వాళ్లకు చూపించడం మీద కెనడాలోని క్వెబెక్‌లో 32 ఆసుపత్రుల ట్రయల్ జరిగింది, ఫలితాలు 2015లో వచ్చాయి. ఆడిట్ చేసినచోట 22.5 నుంచి 21.8కి తగ్గింది, చేయనిచోట 23.2 నుంచి 23.5కి పెరిగింది. తేడా చిన్నది, కానీ ఉంది.

ఆపరేషన్‌కు ముందు రెండో డాక్టరు అభిప్రాయం తప్పనిసరి చేయడం మీద లాటిన్ అమెరికాలో 34 ఆసుపత్రుల్లో ట్రయల్ జరిగింది. 2004లో ప్రచురించారు. తగ్గుదల సుమారు 7 శాతం.

మనకు దగ్గరగా ఉన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త లేబర్ కేర్ గైడ్ (పార్టోగ్రాఫుకు బదులుగా తెచ్చిన చార్టు) మీద భారతదేశంలోనే నాలుగు ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్, 2024లో వచ్చింది. గ్రూపు 1లో సిజేరియన్లు 45.2 నుంచి 39.7 శాతానికి దిగాయి. ఇక్కడే చాలామంది ఆగి "అయిదున్నర శాతం తగ్గింది" అని స్లైడు చేసేస్తారు. దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (నిజమైన ప్రభావం ఉండగల హద్దులు; 1 అంటే తేడా లేనట్టు) 0.54 నుంచి 1.33 వరకు ఉంది. అంటే నిజానికి సగానికి దగ్గరగా తగ్గించి ఉండొచ్చు, మూడో వంతు పెంచి కూడా ఉండొచ్చు. ఆ ట్రయల్ నుంచి అంతకంటే తేల్చి చెప్పలేం. ఇంటర్వెల్ 1కి రెండు వైపులా పరుచుకుని ఉంటే నిర్ణయానికి అది ఒక్కటే ఆధారం కాకూడదు.

రెండింటినీ ఒకచోట పెట్టండి

మీ గ్రూపు 1లోని 91 ఆపరేషన్లకు తోడుమనిషి ప్రభావాన్ని కలపండి. 12 శాతం తగ్గితే 11 ఆపరేషన్లు, 36 శాతం తగ్గితే 33. సమీక్ష చెప్పిన నాలుగో వంతు తగ్గితే 23. మొత్తం ఆసుపత్రి లెక్కలో 48 శాతం కాస్తా 45.7 అవుతుంది. "ఆరు నెలల్లో 10 శాతం తగ్గించండి" అన్న మెమోకి మీ దగ్గర ఉండాల్సిన జవాబు ఈ లెక్కే. రెండు మూడు శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది కానీ, పొట్ట మీద కోత తప్పిన ఇరవై మంది తల్లులు అది.

తర్వాత, ఆ అధ్యయనాల పరిస్థితి మీ దగ్గర ఉందా అని నిజాయితీగా అడగండి. మిడ్‌వైఫ్‌ల సంగతి తీసుకోండి. తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది, మరుసటి ఏడాది కేంద్రం జాతీయ మార్గదర్శకాలు తెచ్చింది. గర్భం మొదటి నుంచి బాలింత అయ్యేదాకా అదే మిడ్‌వైఫ్ చూసుకుంటే సిజేరియన్లు కొంత తగ్గుతాయని 2024 కాక్రేన్ సమీక్ష చెబుతోంది. కానీ అందులోని అధ్యయనాలు ఎక్కువగా ధనిక దేశాలవి. మామూలు పద్ధతిలో అక్కడి సిజేరియన్లే 16 శాతం. షిఫ్టు మారగానే మనిషి మారే చోట అదే ఫలితం వస్తుందని రాసివ్వలేం. మిడ్‌వైఫ్‌లు వద్దని కాదు, ఆ అంకెను అలాగే ఎత్తి మీ పట్టికలో పెట్టకూడదని అంటున్నాను. రెండో అభిప్రాయం సంగతీ అంతే. రాత్రి ఒకే గైనకాలజిస్టు ఉన్నచోట రెండో అభిప్రాయం ఎవరిస్తారు?

గ్రూపు 5 విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒక సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే 72 నుంచి 75 శాతం మందికి అవుతుందని, పాత కుట్టు దగ్గర గర్భసంచి చీలే ప్రమాదం దాదాపు 200 మందిలో ఒకరికని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2015 మార్గదర్శకం చెబుతుంది. ఆ మాట వెనుక 24 గంటలూ సిద్ధంగా ఉండే ఓటీ, మత్తు డాక్టరు, రక్తం, మొదటి ఆపరేషన్‌లో కోత ఎలా వేశారో చెప్పే కాగితం ఉన్నాయి. మొదటి కాన్పు ఇంకెక్కడో అయి, ఆ డిశ్చార్జి కాగితం దొరకని తల్లులు మీ దగ్గర ఎందరో లెక్కేయండి. అవన్నీ లేని ఆసుపత్రిలో గ్రూపు 5 శాతం తగ్గించాలని పట్టుబట్టడం ప్రమాదం. అక్కడ తీసుకోవాల్సిన నిర్ణయం వేరు: డిశ్చార్జి కాగితం మీద కోత వివరం తప్పకుండా రాయడం.

రిజిస్టర్లో లేనివి అడిగి తెలుసుకోండి

ముహూర్తం చూసుకుని చేయించుకునే ఆపరేషన్ల గురించి ఏ పోర్టల్‌లోనూ కాలమ్ లేదు. అది పట్టికలో "తల్లి కోరిక" అనో, ఇంకేదో వైద్య కారణం గానో మారువేషంలో కనబడుతుంది. మీ ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లు కలపండి: ఆపరేషన్ నిర్ణయం ఎప్పుడు తీసుకున్నారు, తేదీ ఎవరు ఎంచుకున్నారు. ఇక్కడ పరిశోధన ఉపయోగం వేరే రకం. ముందే తేదీ అనుకుని రెండోసారి సిజేరియన్ చేసిన తల్లుల మీద అమెరికాలో 2009లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. బిడ్డకు ఊపిరి ఇబ్బంది లాంటి సమస్యలు 37వ వారంలో 15.3 శాతం, 38లో 11, 39లో 8. పెద్దమ్మకో అత్తగారికో "ముహూర్తాలు వద్దు" అని చెబితే గొడవే. "39 వారాలు నిండాక ఉన్న రోజుల్లోనే చూసుకోండమ్మా, బిడ్డ ఊపిరికి మంచిది" అంటే వినేవాళ్లుంటారు. అయితే ఆ అంకెలు గ్రూపు 5 తల్లులవి, ముహూర్తం పెట్టుకుని వచ్చే తొలిచూలు వాళ్లకు ఆపరేషన్ అవసరమా అన్న ప్రశ్నకు జవాబు కావు.

సిస్టర్లను కూడా అడగండి. తోడుమనిషిని రానివ్వమంటే టేబుళ్ల మధ్య తెర లేదని వాళ్లే చెబుతారు. కేంద్రం 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుకు తోడును అనుమతించింది. చాలాచోట్ల అడ్డుపడేది తెర, చెప్పులు విడిచే చోటు, గేటు దగ్గర సెక్యూరిటీ.

అమలు చేసి గమనించండి

నిర్ణయాన్ని ఒక పేజీలో రాయండి. ప్రశ్న, మీ పట్టిక, ఆధారం ఏమిటి, అది ఎంత గట్టిది, మీ దగ్గర ఎంత ఫలితం ఆశిస్తున్నారు, ఎప్పుడు మళ్లీ చూస్తారు. సిజేరియన్ శాతం ఒక్కదాన్నే గమనిస్తే మోసపోతారు. దాని పక్కనే చనిపోయి పుట్టిన బిడ్డలు, ఐదో నిమిషం ఆప్గార్ (పుట్టిన బిడ్డ పరిస్థితికి పదికి వేసే మార్కులు) 7 కంటే తక్కువ వచ్చినవాళ్లు, నవజాత శిశు యూనిట్లో చేరినవాళ్లు, కాన్పు తర్వాత ఎక్కువ రక్తస్రావం అయినవాళ్లు, బయటికి రిఫర్ చేసినవాళ్లు: ఈ ఐదూ పెట్టండి. కష్టమైన తల్లుల్ని అంబులెన్సు ఎక్కించేసి శాతం తగ్గించుకోవడం చాలా తేలిక. రిఫరల్ కాలమ్ లేకపోతే అది బయటపడదు.

నెలనెలా గ్రూపు 1 శాతాన్ని ఒక గీత మీద చుక్కలుగా పెట్టండి, మార్పుకు ముందున్న నెలల మధ్యస్థ విలువ దగ్గర అడ్డగీత గీయండి. ఒక నెల తగ్గితే పండగ చేసుకోవద్దు. ఒక నెల పెరిగితే ఎవరికీ మెమో ఇవ్వొద్దు. వరుసగా ఆరు చుక్కలు గీత కిందికే పడితే నిజంగా ఏదో మారిందని అనుకోవచ్చు. గ్రూపు 6, 8 లాంటి చిన్నవాటికి నెలవారీ శాతాలు వేయకండి. ఏడాదికోసారి చాలు.

జిల్లా స్థాయిలో ఉంటే ఇంకో పని మీరొక్కరే చేయగలరు. ప్రైవేటు ఆసుపత్రులు పంపే నెలవారీ లెక్కతో పాటు పది వరుసల రాబ్సన్ పట్టిక కూడా అడగండి. 81.5 శాతం అన్న అంకె అక్కడ ఉన్నప్పుడు ప్రభుత్వ లేబర్ రూముల్ని మాత్రమే నిలదీయడం వల్ల జిల్లా లెక్క పెద్దగా కదలదు.